బడి పళ్ళెంలో ఒక పేరు: డొక్కా సీతమ్మ గారి జీవితం

ప్రభుత్వ బడిలో మన పిల్లలు మధ్యాహ్నం తినే అన్నానికి 2024 జూలైలో ఒక కొత్త పేరు వచ్చింది. డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని ప్రభుత్వం దానికి పేరు పెట్టింది. ఆత్మకూరు, వెలుగోడు, పాములపాడు వైపు తెల్లవారకముందే కూలికి బయలుదేరే తల్లిదండ్రుల ఇళ్ళలో పిల్లవాడు ఆ పూటకు ఏం తిన్నాడన్న బెంగను చాలావరకు తీర్చేది ఆ బడి భోజనమే. ఆ పేరు ఎవరిదని పిల్లలు అడిగితే చెప్పగలిగిన ఇళ్ళు మన సీమలో తక్కువ. ఆమె మన ప్రాంతపు మనిషి కారు. కోనసీమకు చెందిన గృహిణి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి పెరిగినవారు, వంద సంవత్సరాల క్రితమే లోకం విడిచిపోయినవారు.

ఇలాంటివారి జీవితాన్ని మనం ఎందుకు చదవాలని కొందరికి సందేహం రావచ్చు. హాతిం తాయిని గుర్తు చేసుకుంటే ఆ సందేహం తీరిపోతుంది. హాతిం ఇస్లాం రాకముందే చనిపోయాడు. అతిథికి అన్నం పెట్టడంలో అరబ్బు దేశమంతటా అతని పేరే చెప్పుకునేవారు. అతని తెగ ఓడిపోయి, కుమార్తె సఫానా బందీగా మదీనాకు వచ్చినప్పుడు, ఆమె తన తండ్రి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టేవాడని, బందీలను విడిపించేవాడని విన్నవించుకుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ సుగుణాలను మెచ్చుకుని ఆమెను విడుదల చేశారు, గౌరవంగా దారిబత్తెంతో సాగనంపారు. మంచితనం ఎవరిలో కనిపించినా దాన్ని గుర్తించి గౌరవించడం మనకు అక్కడి నుండి వచ్చిన సంప్రదాయమే.

సీతమ్మ గారు 1841 అక్టోబరులో తూర్పు గోదావరి ప్రాంతంలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీ శంకరం గారు, తల్లి నరసమ్మ గారు. ఆ తండ్రిని ఊరివాళ్ళు బువ్వన్న అని పిలిచేవారట. అడిగినవారికి కాదనకుండా బువ్వ పెట్టే మనిషికి ఊరు ఇచ్చిన బిరుదు అది. తల్లి చిన్న వయసులోనే పోవడంతో ఇంటి బాధ్యత ఆ పిల్ల మీద పడింది. అందుకే వచ్చినవారికి వడ్డించడం ఆమెకు ఎవరో బోధించిన పుణ్యకార్యంగా కాక, ఇంటిపనిలో ఒక భాగంగానే అలవడింది. చదువుకునే అవకాశం ఆనాటి ఆడపిల్లలకు ఎంత ఉండేదో ఆమెకూ అంతే.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ఒకసారి ప్రయాణంలో వారి ఇంట్లో అతిథిగా భోజనం చేశారు. ఆయన వేదం చదువుకున్నవారు, పొలాలు, పాడి ఉన్న రైతు. ఆ పిల్ల అతిథులను ఆదరించే తీరు చూసి ఆమెనే వివాహమాడాలని నిశ్చయించుకున్నారని అంటారు. అలా సీతమ్మ గారు గన్నవరం చేరారు. మిగిలిన జీవితమంతా ఆమె ఆ ఊళ్ళోనే, ఆ ఇంట్లోనే, ముఖ్యంగా ఆ వంటింట్లోనే గడిపారు.

ఇక్కడ ఆ ఊరి ఉనికిని గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. గన్నవరం గోదావరి పాయ అయిన వైనతేయ గట్టున ఉంది. చుట్టూ పాయలు, లంకలు, కాలువలు. సముద్రం వైపు అంతర్వేదికి వెళ్ళే యాత్రికులు, సంతలకు వెళ్ళే వ్యాపారులు, చుట్టాలిళ్ళకు వెళ్ళేవారు ఆ దారినే పోవాలి. ప్రయాణం పడవ మీద. పడవ ఎప్పుడు దొరుకుతుందో, గాలి ఎటు వీస్తుందో, నది ఎప్పుడు పొంగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. పొద్దున చేరాల్సినవాడు అర్ధరాత్రి చేరేవాడు. ఇప్పటిలా హోటళ్ళు లేవు. డబ్బున్నా అన్నం దొరకని పరిస్థితి. మూటలో తెచ్చుకున్న అటుకులు అయిపోతే పసిపిల్లలతో గట్టు మీద పస్తు ఉండాల్సిందే.

జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా అల్లాహ్ చేర్చాడని మనకు తెలుసు. సొంత ఊళ్ళో ఆస్తిపరుడైనా దారిలో నిస్సహాయుడైతే అతనికి ఆ సొమ్ములో హక్కు ఉంటుంది. పేదవాడు అనగానే మనకు చినిగిన బట్టలు గుర్తుకొస్తాయి. ఆకలి మాత్రం బట్టలు చూసి రాదు. గన్నవరం గట్టు మీద దిగిన ప్రయాణికుల విషయంలో సీతమ్మ గారికి అర్థమైన సంగతి ఇదే.

ఆమె ఇంట్లో భోజనానికి వేళ అనేది లేదు. పగలు వచ్చినా రాత్రి వచ్చినా పొయ్యి వెలిగేది. వచ్చినవారు ఎవరు, ఏ కులం, ఏ మతం, ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని విచారించకుండానే పెట్టేవారని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. ఎక్కువగా తానే వండి తానే వడ్డించేవారు. ఈ మాట చదవడానికి తేలిక. మన ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే దాని బరువు చెబుతారు. రంజాన్ నెలలో సహరీకి లేచి వండి, మళ్ళీ ఇఫ్తారుకు వండే ఇల్లాలికి ముప్ఫై రోజులకే ఒళ్ళు హూనమవుతుంది. కట్టెల పొయ్యి మీద, నీళ్ళు మోసుకుంటూ, ఎందరు వస్తారో తెలియకుండా, కొన్ని దశాబ్దాలపాటు అలా వండిన మనిషిని తలచుకోండి. అన్నదాత అని భర్తకు పేరు వచ్చి, వండిన చేతికి మసి మాత్రమే మిగిలే ఇళ్ళు లోకంలో ఎన్నో ఉన్నాయి. గన్నవరంలో అలా జరగలేదు. పేరు వండినావిడకే వచ్చింది. జోగన్న గారు దానికి అడ్డుపడకపోవడం ఆయన గొప్పతనం.

వరద రాత్రి కథ ఒకటి కోనసీమలో పెద్దలు చెబుతారు. గోదావరి పొంగి పడవలు కట్టేసిన సమయంలో అవతలి గట్టు నుండి ఎవరో ఆకలి అంటూ కేకలు వేశారట. ఆ కేక విన్న సీతమ్మ గారు ఊరుకోలేకపోయారు. అన్నం సిద్ధం చేసి, భర్తను బతిమాలారు. ఆయన ఆ ప్రవాహంలోనే పడవ వేసుకుని వెళ్ళి ఆ మనిషికి అన్నం అందించి వచ్చారు. తరతరాలుగా చెప్పుకుంటున్న కథ కాబట్టి కొంత పెరిగి ఉండవచ్చు. అయినా ఒక ఊరు తన గురించి ఏ కథ చెప్పుకోవాలనుకుంటుందో అది కూడా చరిత్రే.

మరో సంఘటన నాకు ఇంతకంటే ఎక్కువ నచ్చుతుంది. ఇంటికి వచ్చేవారు ఎప్పుడూ ఉండటం వల్ల ఆమె ఎక్కడికీ కదలలేకపోయేవారు. ఎన్నో ఏళ్ళ కోరిక మీద ఒకసారి అంతర్వేది యాత్రకు బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు ఒక పెళ్ళిబృందం ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. తమ పక్కనే ఉన్నది ఆ సీతమ్మ గారేనని వాళ్ళకు తెలియదు. ఆమె తన పేరు చెప్పుకోలేదు. బోయీలకు చెప్పి వెనక్కు తిరిగారు, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. యాత్ర అక్కడితో ఆగిపోయింది.

ఆ పెళ్ళిబృందం వైపు నుండి చూడండి. వాళ్ళకు ఆ పూట అన్నం కంటే ముందే ఒక ధైర్యం దొరికింది. ఫలానా చోటికి వెళితే అన్నం ఉంటుంది, ఎవరూ కసరరు, ఎందుకొచ్చావని అడగరు అనే ధైర్యం. ఆ నమ్మకంతోనే ఏడ్చే పిల్లవాడిని ఊరడించగలిగారు. ఇతరులు పెట్టే అన్నం మీద ఆధారపడే మనిషిని కుంగదీసేది ఖాళీ కడుపు ఒక్కటే కాదు. ఈ రోజు పెడతారో లేదో, వరుసలో నా వంతు వచ్చేసరికి అయిపోతుందేమో, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమో అనే దిగులు అతన్ని లోలోపల తినేస్తుంది. సీతమ్మ గారు తనకు తెలియకుండానే ఆ దిగులును తీసేశారు. ఆమె వెనక్కు తిరిగింది కూడా ఆ నమ్మకం వమ్ము కాకూడదనే.

అయితే ఇదంతా పచ్చని నేల కథ. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. ఆ నీటిని వైనతేయ దాటించి అవతలి లంకకు చేర్చడానికి గన్నవరం దగ్గరే కాటన్ దొర కాలంలో అక్విడక్టు కట్టారు. సీతమ్మ గారు కాపురానికి వచ్చిన నేల కొత్తగా కాలువ నీరు చూసిన నేల. ఆమె మనసు పెద్దది, నిజమే. గాదె కూడా నిండుగా ఉండేది. గాదె నిండని చోట ఏమవుతుందో తెలియాలంటే అదే కాలంలో మన కర్నూలు జిల్లాను చూడాలి.

1866లో ఒడిశా నుండి మన జిల్లాల దాకా కరువు వచ్చింది. తెలుగు పంచాంగం ప్రకారం అది అక్షయ నామ సంవత్సరం. తరగనిది అని ఆ పేరుకు అర్థం. తరగనిది ఆకలి ఒక్కటే అయింది. అప్పుడు కోవెలకుంట్ల తాలూకా ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే రైతు తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆత్మకూరులో ఆ పేరు వినగానే మన శాసనసభ్యుడిగా పనిచేసిన బుడ్డా వెంగళరెడ్డి గారు గుర్తుకొస్తారు. నేను చెబుతున్నది వంద సంవత్సరాలకు పైగా ముందటి మనిషి సంగతి. తెల్లవారి ప్రభుత్వం ఆయనకు విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం ఇచ్చింది. సీమ పల్లెల్లో ఆడవాళ్ళు ఆయన మీద పాటలు కట్టుకున్నారు. పతకం కంటే పాటే ఎక్కువ కాలం నిలిచింది. వాన మీద బతికే నల్లరేగడిలో, మళ్ళీ ఎప్పుడు పండుతుందో తెలియని ఏడాదిలో గాదె తెరవడం గోదావరి గట్టున అన్నం పెట్టడం కంటే కష్టమైన పని అని నా అభిప్రాయం.

పదేళ్ళు తిరిగేసరికి 1876లో ధాత కరువు వచ్చింది. ఈసారి ఏ రైతు గాదే చాలలేదు. సర్కారు పనులు పెట్టింది, శిబిరాలు తెరిచింది. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు రాజధానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయనకు అప్పగించిన పని. రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే ఇంచుమించు 450 గ్రాములు, దానిపై కొద్దిపాటి చిల్లర కూలి చాలునని నిర్ణయించాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. మద్రాసులో ప్రజారోగ్య కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దాంతో పప్పు, కూర కూడా ఉండాలని, లేకపోతే పనిచేస్తూనే మనుషులు క్షీణించి పోతారని వాదించాడు. చివరికి కొలత కొంత పెంచారు, కాస్త పప్పు చేర్చారు. అప్పటికే ఆలస్యమైంది. శిబిరాల్లో కలరా, విరేచనాలు నీరసించినవారిని ఊడ్చుకుపోయాయి.

1871 లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9,14,432. 1881లో 6,78,551. పదేళ్ళలో నలుగురిలో ఒకరు లేరు. అందరూ చనిపోలేదు, వలస పోయినవారూ అందులో ఉన్నారు. అయినా ఆ రెండు అంకెల మధ్య మన ముత్తాతల ఊళ్ళు ఎన్ని ఖాళీ అయ్యాయో ఊహించుకోవచ్చు.

ఆ శిబిరాల్లో పెట్టింది కూడా అన్నమే. తేడా అంతా పెట్టిన తీరులో ఉంది. అక్కడ ముందు తూకం, తరువాత పని, ఆ తరువాత గింజలు. తినే మనిషి మోసం చేస్తాడేమో అనే అనుమానం మీద ఆ ఏర్పాటంతా నడిచింది. కులం పోతుందని భయపడి శిబిరపు వంటకు దూరంగా ఉండి కృశించినవారున్నారు. పరదాలో ఉండే స్త్రీలు నలుగురిలోకి వచ్చి వరుసలో నిలబడలేరు. ఆ కష్టాలన్నీ చూశాక 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని వెంట వచ్చిన కరువు నియమావళుల్లో పరదా స్త్రీలకు, కదలలేనివారికి ఇంటి దగ్గరే సాయం అందించాలని రాసుకున్నారు.

మన చరిత్రలో ఈ సంగతి అంతకు పన్నెండు వందల సంవత్సరాల ముందే ఆచరణలో ఉంది. హిజ్రీ 18వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 639లో, అరబ్బు నేల మీద వానలు లేక నేల బూడిదలా మారింది. దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. పల్లెవాసులు వేల సంఖ్యలో మదీనా చేరారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా నుండి ధాన్యం తెప్పించి పెద్ద వంటలు పెట్టించారు. వచ్చి తిన్నవారినే కాదు, రాలేకపోయిన రోగులను, స్త్రీలను, పిల్లలను కూడా లెక్కపెట్టించి వారి వద్దకే ఆహారం పంపించారు. కరువు తీరేదాకా తాను నెయ్యి, మాంసం ముట్టలేదు. వానలు పడ్డాక పల్లెవాసులను వట్టి చేతులతో పొమ్మనలేదు. దారిబత్తెం, వాహనాలు ఇచ్చి ఇళ్ళకు చేర్పించారు. ఆ రాత్రి కథ మన పిల్లలకు కూడా తెలుసు: మదీనా బయట ఒక తల్లి ఏడ్చే పిల్లలను మరిపించడానికి వట్టి నీళ్ళ కుండ పొయ్యి మీద పెట్టడం, హజ్రత్ ఉమర్ (రజి) పిండి బస్తా తన వీపునే మోసుకెళ్ళి తానే వండటం. చాలామంది అక్కడితో కథ ఆపేస్తారు. ఆయన మాత్రం పిల్లలు తిన్నాక కూడా వెళ్ళలేదు. దూరంగా కూర్చుని వాళ్ళు నవ్వుతూ ఆడుకునేదాకా చూశారు. ఏడుస్తుండగా చూసిన పిల్లలను నవ్వుతుండగా చూడకుండా కదలడం ఆయనకు ఇష్టం లేకపోయింది. గిన్నె నిండిందా అని కాకుండా పిల్ల నవ్విందా అని చూసిన పాలకుడు ఆయన.

మళ్ళీ గన్నవరం వద్దాం. ఎంత పచ్చని నేల అయినా ఎడతెగక పెట్టే ఇంట్లో ఆస్తి కరగక మానదు. డొక్కా వారి పరిస్థితీ ఒక దశలో అలాగే అయిందని చెబుతారు. అప్పుడు పొలంలో తవ్వుతుండగా జోగన్న గారికి బంగారు నాణేల బిందె దొరికిందని ఒక కథ ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు నేను జాగ్రత్త పడతాను. పెడితే బిందె దొరుకుతుందని నేర్చుకున్న పిల్లవాడు, బిందె దొరకని రోజు పెట్టడం మానేస్తాడు. బిందె దొరకని ఇళ్ళే లోకంలో ఎక్కువ. ఒక్క కుటుంబం ఎంత మంచిదైనా ఒక ప్రాంతపు ఆకలి భారాన్ని కలకాలం మోయలేదు. ఉయ్యాలవాడ గాదె 1866లో వేలమందిని కాపాడింది. 1877లో పోయిన జిల్లాను కాపాడటం ఒక గాదెకు సాధ్యం కాదు. అందుకే ఇస్లాం సదఖాను మనిషి మనసుకు వదిలి, జకాత్‌ను మాత్రం విధి చేసింది. ఒకటి దయ, మరొకటి హక్కు. తినేవాడికి రెండూ కావాలి.

ఆమె కీర్తి సముద్రం దాటిన కథ అందరికీ తెలిసినదే. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక వార్షికోత్సవానికి ఆమెను ఆహ్వానించారని, జిల్లా అధికారులు వచ్చి అడిగినా ఆమె రానన్నారని చెబుతారు. తాను వెళితే వచ్చేవారికి ఎవరు పెడతారన్నది ఆమె ప్రశ్న. కనీసం ఫోటో అయినా కావాలని అధికారులు బతిమాలితే, వారికి మాట రాకూడదని ఒప్పుకున్నారట. ఆ ఫోటోను వేడుకలో కుర్చీ మీద ఉంచి గౌరవించారని అంటారు. ఇప్పుడు మనం చూసే ఆమె రూపం ఆ ఒక్క ఫోటో నుండి వచ్చినదే అంటారు. నెత్తిన కొంగు కప్పుకున్న పెద్దావిడ.

ఆ ఫోటోలో ఉన్నది అన్నం పెట్టినావిడ. తిన్నవారి ఫోటో ఒక్కటీ లేదు. ఆ ఇంటి గడప తొక్కినవారు ఎవరెవరో, ఎవరి అవసరం ఏమిటో ఏ పుస్తకానికీ ఎక్కలేదు. నేడు మన దగ్గర రంజాన్ వచ్చిందంటే రేషన్ కిట్ల పంపిణీ మొదలవుతుంది. చాలా మంచి పని, ఎన్నో ఇళ్ళలో ఆ నెల దానితోనే గడుస్తుంది. కానీ కిట్ అందుకునే వితంతువు చేతిని పట్టుకుని, ఆమె ముఖం కెమెరా వైపు తిప్పి ఫోటో తీసి సెల్‌ఫోన్లలో పంచుతున్నాం. ఆమె పిల్లలు బడిలో ఆ ఫోటోను తోటి పిల్లల చేతుల్లో చూస్తారు. దానం చేసి ఎత్తిపొడవడం, మనసు నొప్పించడం ఆ దానాన్నే వ్యర్థం చేస్తాయని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరించింది. నోటితో ఎత్తిపొడిస్తేనే పాపమని, ఫోటోతో అయితే ఫరవాలేదని మనం ఎక్కడ చదివామో తెలియదు. లెక్క చూపాలని దాతలు అడుగుతారు కదా అంటే, బస్తాల ఫోటో తీయవచ్చు, బిల్లు చూపవచ్చు. కొందరు రాత్రి ఇషా నమాజు తరువాత సంచి గుమ్మంలో పెట్టి తలుపు కొట్టి వెళ్ళిపోతారు. అలాంటివారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు.

సంచిలో ఏముంది అన్నది కూడా తినేవారి క్షేమానికి సంబంధించిన విషయమే. డాక్టర్ కార్నిష్ 1877లో పప్పు, కూర గురించి పోరాడింది ఇందుకే. గింజలతో కడుపు నిండుతుంది, ఒంటికి బలం రాదు. చక్కెర జబ్బు ఉన్న ముసలమ్మకు ఐదు కిలోల చక్కెర, సేమియా ఇచ్చి పంపితే ఆమెకు ఉపయోగం లేదు, అమ్ముకుంటే మాట పడాలి. ఇచ్చేముందు నీకేం కావాలమ్మా అని ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు. కూర వండేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. తాము తినే కూరలోనే పొరుగువారికి వాటా ఉంది అందులో. వారి కోసం వేరే నాసిరకం కుండ లేదు.

సీమలో ముసలివాళ్ళు ఇంకా గంజి కేంద్రం అనే మాట వాడతారు. 1952 కరువులో ప్రభుత్వం రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరిచింది. గిన్నె పట్టుకుని ఆ వరుసలో నిలబడ్డ పిల్లలు తరువాత తాతలు, అవ్వలు అయ్యారు. తమ మనవళ్ళకు ఆ సంగతి చెప్పడానికి వారిలో చాలామంది సిగ్గుపడ్డారు. గంజి వాళ్ళ ప్రాణం నిలిపింది. సిగ్గు మాత్రం యాభై ఏళ్ళు వెంట వచ్చింది. బడి భోజనంలో ఆ సిగ్గు లేదు. అందుకు కారణం సులువు. తరగతి మొత్తం ఒకే వరుసలో కూర్చుంటుంది, మేస్త్రీ కొడుకు, టీచరు కూతురు ఒకటే తింటారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2003 నుండి మన రాష్ట్రంలో అది అమలైంది. 2013 ఆహార భద్రతా చట్టంతో పిల్లల హక్కు అయింది. గుడ్డు, చిక్కీ వచ్చాయి. 2023లో రాగి జావ చేరింది. మన అవ్వలు అంబలి అని పిలిచేది మళ్ళీ గ్లాసులోకి వచ్చింది. అన్నం ముద్ద కట్టిందని, చారు నీళ్ళలా ఉందని కొన్ని బళ్ళలో తల్లులు అంటున్న మాట కూడా నిజమే. హక్కుగా వచ్చే అన్నం గురించి అడగవచ్చు. తల్లుల కమిటీలలో మన ఇళ్ళ ఆడవాళ్ళు కూడా కూర్చుని, నెలకోసారైనా వెళ్ళి ఆ అన్నం రుచి చూసి రావాలి.

జోగన్న గారి తరువాత కూడా సీతమ్మ గారు పొయ్యి ఆరనివ్వలేదని గన్నవరం వారు చెబుతారు. 1909 ఏప్రిల్ 28న ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు అరవై ఏడు సంవత్సరాలు. పాత అక్విడక్టు శిథిలమయ్యాక వైనతేయ మీద కొత్తది కట్టి దానికి ఆమె పేరే పెట్టారు. ఒకప్పుడు ఆమె ఇంటి ముందు పడవ దిగి ఆకలితో నడిచిన దారిలో ఇప్పుడు బస్సులు ఆ వంతెన మీదుగా పోతున్నాయి. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా ఆమె పేరుతోనే మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పదో తరగతి అయ్యాక పల్లెల నుండి మన ఆత్మకూరుకు వచ్చి చదువుకునే పిల్లలు, పొద్దున బస్సు అందుకునే తొందరలో ఏమీ తినకుండా బయలుదేరే ఆడపిల్లలు, ఇప్పుడు మధ్యాహ్నం కాలేజీలోనే తింటున్నారు.